ఒక గీత, రెండు గీతలు: హార్మోనులు, వాటిని పట్టి చూపే ప్రతిరక్షకాలు



నెల తప్పిందేమోనని అనుమానం వచ్చిన స్త్రీకి మన ఆశా కార్యకర్త తన సంచిలోంచి ఒక చిన్న పొట్లం తీసి ఇస్తుంది. దాని పేరు 'నిశ్చయ్'. పొద్దున్నే పట్టిన మూత్రం రెండు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగి చూడాలి. ఒక గీత వస్తే గర్భం కనబడలేదని, రెండు గీతలు వస్తే ఉన్నదని అర్థం. భోగాపురం మొదలుకొని సముద్రపు ఒడ్డునున్న ముక్కాం, చేపలకంచేరు వరకు ఈ సంగతి తెలియని ఇల్లు ఇప్పుడు తక్కువే.

అయితే ఆ గీత ఎలా వస్తుంది? దాని మాట ఎప్పుడు నమ్మవచ్చు, ఎప్పుడు మళ్ళీ పరీక్ష చేసుకోవాలి? మాలా-ఎన్ మాత్ర, అంతర సూది, ఛాయా మాత్ర ఒంట్లోకి వెళ్ళి ఏ పని చేస్తాయి? రొమ్ములో గడ్డ తీసిన తరువాత డాక్టర్లు రాసే "ఇ.ఆర్." అన్న రెండు అక్షరాలకు అర్థమేమిటి? ఇవన్నీ వేరు వేరు సంగతుల్లా కనబడతాయి గాని, వీటి వెనుక ఉన్న శాస్త్రం ఒక్కటే. ఆ శాస్త్రాన్ని ఈ పాఠంలో తేలిక మాటల్లో తెలుసుకుందాం.

ముందుగా నా తప్పు ఒకటి

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊరిలో పని చేస్తున్నప్పటి మాట. ఏడు నెలల చంటిపిల్లను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. కాన్పు తరువాత ఆమెకు ఇంకా ముట్టు రాలేదు. "ఏటో ఒంట్లో తేడాగా ఉంది మేడమ్" అన్నది. పట్టీ మీద చూశాము. ఒక గీతే వచ్చింది. "ఏమీ లేదమ్మా, ధైర్యంగా వెళ్ళు" అని పంపించాను. మళ్ళీ వారం ఆగి రమ్మని చెప్పలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి నాలుగో నెల నడుస్తున్నది. "ఒక గీతే గదా మేడమ్, మీరే నేదన్నారు" అన్నది. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఇప్పటికీ గుర్తున్నది.

కాన్పు క్షేమంగానే జరిగింది. కాని అప్పటికే రక్తం తక్కువగా ఉన్న మనిషి, చంకలో ఒక బిడ్డ, కడుపులో ఒక బిడ్డతో ఆ ఏడాదంతా చాలా అవస్థ పడింది. ఆ రోజు పట్టీ అబద్ధం ఆడలేదు. దాని మాటకు హద్దు ఎక్కడుందో నేను చెప్పలేదు, అంతే. ఆ హద్దు మీకు తెలియాలనే ఈ పాఠం.

హార్మోను అంటే ఏమిటి?

మన ఒంట్లో కొన్ని గ్రంథులు ఉన్నాయి. అవి తయారు చేసే రసాయనాలు ఏ గొట్టం ద్వారానూ పోకుండా నేరుగా రక్తంలో కలుస్తాయి. అందుకే వీటిని వినాళ గ్రంథులంటారు. ఆ రసాయనాలే హార్మోనులు. మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. అది పంపే రెండు హార్మోనులు అండాశయాన్ని పని చేయిస్తాయి. అండాశయం ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే రెండు హార్మోనులను తయారు చేస్తుంది. ఈస్ట్రోజన్ గర్భాశయపు లోపలి పొరను పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ ఆ పొరను బిడ్డ నిలవడానికి అనువుగా మెత్తగా సిద్ధం చేస్తుంది. గర్భం నిలవకపోతే ఈ హార్మోనులు తగ్గిపోయి, ఆ పొర ఊడి ముట్టుగా వెళ్ళిపోతుంది. ప్రతి నెలా జరిగేది ఇదే.

ఇక్కడ ఒక సందేహం రావాలి. రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది. ఈస్ట్రోజన్ కూడా రక్తంతో పాటు కాలికి, చేతికి, కడుపుకి అన్నిటికీ వెళ్తుంది. మరి గర్భాశయం, రొమ్ము, ఎముక వంటి కొన్ని భాగాలే దాని మాట ఎందుకు వింటాయి?

గ్రాహకం: మాట వినే చెవి

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం పాట వేస్తే ఆ తరంగాలు ఊరంతా వస్తాయి. ఇంటి గోడకూ తగులుతాయి, కొబ్బరి చెట్టుకూ తగులుతాయి. కాని రేడియో ఉండి, దాన్ని ఆ స్టేషను మీద పెట్టిన ఇంట్లోనే పాట వినబడుతుంది. హార్మోను సంగతీ అంతే. ఏ కణంలో దానికి సరిపడిన 'రేడియో' ఉన్నదో ఆ కణమే వింటుంది. ఆ రేడియో పేరు గ్రాహకం. ఇది ఒక రకం ప్రోటీను. ఒక్కొక్క హార్మోనుకు దానికి అమరే గ్రాహకం వేరుగా ఉంటుంది, తాళానికి తాళంచెవి ఉన్నట్టు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 1950 దశకం చివర అమెరికాలోని షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని రుజువు చేశాడు. ఈస్ట్రోజన్‌కు రేడియోధార్మిక గుర్తు తగిలించి, ఇంకా ఎదగని ఆడ ఎలుకలకు అతి స్వల్పంగా ఇచ్చాడు. తరువాత ఏ అవయవంలో ఎంత గుర్తు మిగిలిందో కొలిచాడు. రక్తంలోనుంచి, కండరాలలోనుంచి హార్మోను తొందరగా వెళ్ళిపోయింది. గర్భాశయంలో మాత్రం గంటల తరబడి నిలిచిపోయింది. అక్కడ దాన్ని పట్టుకుని ఉంచేది ఏదో ఉన్నదన్న మాట. అదే ఈస్ట్రోజన్ గ్రాహకం. మన దేశం నుంచి వెళ్ళిన శ్యామలా గోపాలన్ గారు కూడా అమెరికాలో ఈ గ్రాహకాల మీద పని చేశారు. జాక్ గోర్‌స్కీతో కలిసి ఎలుక గర్భాశయంలో ఈస్ట్రోజన్ గ్రాహకం గురించి 1969లో ఆమె ప్రకటించిన పరిశోధన ఈ రంగంలో పేరు పొందినది.

అన్ని గ్రాహకాలూ ఒకే చోట ఉండవు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ కొవ్వులో కరిగే స్వభావం గలవి కనుక కణం గోడను దాటి లోపలికి పోతాయి. వాటి గ్రాహకాలు ముఖ్యంగా కణం లోపల, కేంద్రకంలో ఉంటాయి. హార్మోను వచ్చి కూర్చోగానే గ్రాహకం ఆకారం మారుతుంది. అది డి.ఎన్.ఏ. మీద నిర్ణీతమైన చోట్లకు పోయి అంటుకుంటుంది. అప్పుడు అక్కడి జన్యువులు మేల్కొని కొత్త ప్రోటీనులు తయారవుతాయి. పీయూష గ్రంథి హార్మోనులు కణం లోపలికి పోలేవు. వాటి గ్రాహకాలు కణం గోడ మీదనే, గుమ్మం దగ్గర గంటలాగ ఉంటాయి.

మాత్ర, సూది ఎలా పని చేస్తాయి?

తాళం, తాళంచెవి సంగతి తెలిస్తే గర్భనిరోధక సాధనాల పని సులువుగా అర్థమవుతుంది.

మాలా-ఎన్: ఇందులో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్‌ల వంటి రెండు కృత్రిమ హార్మోనులు కొద్దిగా ఉంటాయి. ఇవి సరిపోయే మారు తాళంచెవులు. మెదడులోనూ పీయూష గ్రంథిలోనూ ఉన్న గ్రాహకాలలో ఇవి కూర్చోగానే, "హార్మోనులు సరిపడా ఉన్నాయి" అని అక్కడికి కబురు అందుతుంది. అండం విడుదల కావడానికి కావలసిన హార్మోను పొంగు ఆ నెల రాదు. రోజుకొక్కటి చొప్పున 21 హార్మోను మాత్రలు, తరువాత 7 ఇనుము మాత్రలు వేసుకోవాలి. మానేసిన మర్నాటికే రక్తంలో మందు తగ్గి గ్రాహకాలు ఖాళీ అవుతూ ఉంటాయి. "రోజూ మరచిపోకుండా వేసుకోండి" అని మేము విసిగించేది అందుకే. పాలిచ్చే తల్లి కాన్పయిన ఆరు నెలల వరకు ఈ మాత్ర వాడకూడదు.

అంతర సూది: దీనిలో ప్రొజెస్టిరాన్ వంటి మందు ఉంటుంది. కండరంలో నిలవ ఉండి మెల్లమెల్లగా రక్తంలోకి వస్తుంది. మూడు నెలలకు ఒక సూది. ముట్టు తేదీలు మారవచ్చు, కొందరికి ముట్టు ఆగిపోవచ్చు. గర్భాశయపు పొర పెరగకపోవడం వల్ల అలా అవుతుంది. "చెడు రక్తం లోపలే ఉండిపోతుంది" అనుకోవడం పొరపాటు, అక్కడ ఊడి రావలసిన పొరే లేదు. సూది మానేశాక మళ్ళీ గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. పాలిచ్చే తల్లి కాన్పయిన ఆరు వారాలు దాటాక దీన్ని మొదలుపెట్టవచ్చు.

ఛాయా మాత్ర: ఇది మన దేశంలోనే పుట్టింది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీన్ని కనిపెట్టారు. 1991లో 'సహేలి' పేరుతో బజారుకు వచ్చింది. 2016లో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఛాయా పేరుతో చేర్చారు. దీని మందు పేరు ఆర్మెలాక్సిఫిన్. ఇది హార్మోను కాదు. కాని ఈస్ట్రోజన్ గ్రాహకంలో ఇమిడిపోతుంది. గర్భాశయంలో ఈస్ట్రోజన్ కూర్చోవలసిన పీట మీద ముందే తాను కూర్చుని, పని మాత్రం చేయదు. అందువల్ల అక్కడి పొర బిడ్డ నిలవడానికి తగినట్టు సిద్ధం కాదు. ఎముకలో మాత్రం ఇది కొంతవరకు ఈస్ట్రోజన్‌లాగే పని చేస్తుంది. ఒకే తాళంచెవి ఒక గదిలో తలుపు తీసి, మరో గదిలో అడ్డుపడడం ఇందులోని విశేషం. మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు, ఆపైన వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. ఈ మధ్య కామెర్లు వచ్చినవారు, కాలేయం జబ్బు ఉన్నవారు, అండాశయంలో నీటి బుడగలున్నవారు వాడకూడదు. కనుక డాక్టరుకు చూపించుకున్న తరువాతనే మొదలుపెట్టండి.

ఇదే గ్రాహకాల దారిలో పని చేసే మరో మందు గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్. ప్రొజెస్టిరాన్ గ్రాహకంలో ఇరుక్కుని దాని పని ఆపేస్తుంది. ఇది కుటుంబ నియంత్రణ మాత్ర కాదు. మందుల షాపులో కొనుక్కుని ఇంట్లో సొంతంగా వేసుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. 1971 నాటి చట్టం ప్రకారం, 2021లో చేసిన సవరణలతో, అర్హతగల డాక్టరు దగ్గరే గర్భస్రావం చేయించుకునే హక్కు ఉన్నది. ఆ దారినే వెళ్ళండి.

ప్రతిరక్షకం: ఒక్కదాన్నే గుర్తు పట్టే సాక్షి

ఇప్పుడు పట్టీ దగ్గరకు వద్దాం. చుక్క మూత్రంలో కంటికి కనబడనంత హార్మోను ఉంటే దాన్ని ఎలా పట్టుకోవడం? దానికి ప్రకృతి ఇచ్చిన పనిముట్టు ప్రతిరక్షకం. దీన్నే యాంటీబాడీ అంటారు. ఒంట్లోకి పరాయి పదార్థం వస్తే తెల్లకణాలు దాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీనులు తయారు చేస్తాయి. పిల్లలకు టీకా వేసినప్పుడు జరిగేది ఇదే. ధనుర్వాతానికి తయారైన ప్రతిరక్షకం ధనుర్వాతం విషాన్నే పడుతుంది, వేరొకదాన్ని పట్టదు.

ఈ గుణాన్ని శాస్త్రజ్ఞులు పరీక్షలకు వాడుకున్నారు. న్యూయార్కులో రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కలిసి, ప్రతిరక్షకాల సాయంతో రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతిని 1959-60 ప్రాంతంలో లోకానికి తెలియజేశారు. 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికే చనిపోయాడు.

అయితే ఒక జంతువులో పుట్టిన ప్రతిరక్షకాలు రకరకాల కలగాపులగంగా ఉంటాయి. 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు దీనికి ఉపాయం కనిపెట్టారు. ప్రతిరక్షకం తయారు చేసే ఎలుక కణాన్ని, చావు లేకుండా పెరిగే కేన్సరు కణంతో కలిపి ఒకటి చేశారు. ఆ జంట కణం నుంచి పుట్టిన సంతానమంతా ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంత కావాలంటే అంత తయారు చేస్తుంది. ఒకే విత్తనం నుంచి ఊరంతటికీ నారు పోసినట్టు. దీనికి 1984లో నోబెల్ బహుమతి లభించింది. ఈనాడు గర్భ పరీక్ష పట్టీలలో ఉండేవి ఇలా తయారైన ప్రతిరక్షకాలే.

పట్టీ మీద ఐదు నిమిషాలు

గర్భం గర్భాశయం గోడకు అంటుకున్న తరువాత, మాయగా మారబోయే కణాలు హెచ్.సి.జి. అనే హార్మోనును తయారు చేస్తాయి. అది అండాశయంలోని గ్రాహకాలకు తగిలి, "ప్రొజెస్టిరాన్ ఆపవద్దు, ఇక్కడ బిడ్డ ఉన్నది" అని చెబుతుంది. అందుకే ముట్టు ఆగుతుంది. కొంత హెచ్.సి.జి. మూత్రంలోకి వస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. హెచ్.సి.జి., పీయూష గ్రంథి ఇచ్చే రెండు హార్మోనులు, థైరాయిడును నడిపే హార్మోను - ఈ నాలుగూ అప్పచెల్లెళ్ళ వంటివి. నలుగురూ ఒకే రంగు చీర కట్టుకున్నారు, రవికలు మాత్రం వేరు. చీర చూసి గుర్తుపట్టే ప్రతిరక్షకం నలుగురినీ ఒకరే అనుకుంటుంది. గర్భం లేని స్త్రీకి కూడా ఉన్నట్టు చూపుతుంది. 1972లో అమెరికాలో జుడిత్ వైటుకైటిస్ బృందం రవికను, అంటే బీటా అనే భాగాన్ని, గుర్తుపట్టే ప్రతిరక్షకంతో పరీక్షను తయారు చేసి ఈ చిక్కు విడదీసింది. అంతకు ముందు రోజుల్లో గర్భం తెలుసుకోవడానికి స్త్రీ మూత్రాన్ని ఎలుకలకు, కప్పలకు ఎక్కించి కాచుకునేవారు.

పట్టీలో జరిగేది ఇది. మూత్రం పట్టీ వెంట పాకుతూ, రంగు పొడి అంటించిన ప్రతిరక్షకాలను తనతో తీసుకుపోతుంది. హెచ్.సి.జి. ఉంటే వాటిని పట్టుకుంటుంది. 'టి' అన్న అక్షరం దగ్గర మరో ప్రతిరక్షకాన్ని గీతగా అంటించి ఉంచారు. అది హెచ్.సి.జి. రెండో చేయి పట్టుకుంటుంది. రంగు అక్కడ ఆగి గీత కనబడుతుంది. మిగిలిన రంగు ముందుకు పోయి 'సి' అన్న అక్షరం దగ్గర ఆగుతుంది. అక్కడ ఉన్న ప్రతిరక్షకం హార్మోనుతో పని లేకుండా, వచ్చిన ప్రతిరక్షకాన్నే పట్టుకుంటుంది. అంటే 'సి' గీత పట్టీ సరిగా పని చేసిందని చెప్పే గీత. అది రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. 'టి' దగ్గర గీత ఉన్నా సరే, కొత్త పట్టీ తీసుకోవాలి.

పట్టీ మాట ఎక్కడ పొరపాటు అవుతుంది?

1. తొందరపడితే. గర్భం అంటుకోవడానికే, అండం విడుదలైన తరువాత ఆరు నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఆపైన హెచ్.సి.జి. రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతూ పోతుంది. బేగి చూస్తే పట్టీకి అందేంత ఉండదు. నా దగ్గరకు వచ్చిన తల్లి విషయంలో జరిగింది ఇదే. ఆమెకు ముట్టే రాలేదు, లెక్క పెట్టుకోవడానికి తేదీ లేదు. అటువంటివారు భర్తతో కలిసిన మూడు వారాల తరువాత చూసుకోవాలి. ముట్టు తేదీ తెలిసినవారు ఒక గీత వచ్చినా, ముట్టు రాకపోతే వారం ఆగి మళ్ళీ చూడాలి.

2. నీళ్ళు ఎక్కువ తాగి చూస్తే. మూత్రం పలచనై హార్మోను దొరకదు. అందుకే పొద్దున్నే పట్టిన మొదటి మూత్రం వాడమంటాము.

3. మరీ ఎక్కువైతే. ఇది చాలామందికి తెలియదు. హార్మోను ఇటు ఒకరి చేయి, అటు ఒకరి చేయి పట్టుకుని ఇద్దరు పెద్దలను కలిపే పిల్లవంటిది. పిల్లలు మరీ ఎక్కువైపోతే పెద్దలందరి చేతుల్లో ఎవరి పిల్ల వారికే ఉంటుంది, పెద్దలు ఒకరికొకరు కలవరు. రెండు, మూడు నెలలు దాటిన గర్భంలోను, ముత్యాల గర్భంలోను ఇలా జరిగి ఒక గీతే రావచ్చు. ముట్టు ఆగి చాలాకాలమై, వాంతులు, పొట్ట పెరగడం ఉంటే పట్టీతో ఆగక డాక్టరుకు చూపించండి.

4. రెండు గీతలు వచ్చినా. గర్భం ఉన్నదని చెబుతుంది గాని ఎక్కడ ఉన్నదో చెప్పదు. గొట్టంలో నిలిచిన గర్భానికి కూడా రెండు గీతలు వస్తాయి. ఒక పక్క కడుపునొప్పి, కళ్ళు తిరగడం, రక్తం కనబడడం ఉంటే ఒక్క గంట కూడా ఆగవద్దు. గర్భస్రావం తరువాత కూడా కొన్ని వారాల వరకు రెండు గీతలు రావచ్చు.

ప్రతిరక్షకంతోనే గర్భనిరోధం

హెచ్.సి.జి. మీద ప్రతిరక్షకాన్ని స్త్రీ ఒంట్లోనే పుట్టిస్తే గర్భం నిలవదు గదా అని ఆలోచించినవాడు మన దేశపు శాస్త్రజ్ఞుడు డాక్టర్ జి.పి. తల్వార్. న్యూఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో ఆయన బృందం టీకా తయారు చేసి 148 మంది స్త్రీలకు ఇచ్చింది. ఫలితాలు 1994లో వెలువడినవి. 119 మందిలో చాలినంత ప్రతిరక్షకాలు వచ్చినవి. అవి చాలినంతగా ఉన్న 1224 ముట్టు నెలలలో ఒక్క గర్భమే నిలిచింది. ప్రతిరక్షకాలు తగ్గిన తరువాత మళ్ళీ గర్భం ధరించే శక్తి తిరిగి వచ్చింది. అయితే ఐదుగురిలో ఒకరికి అవి చాలినంత రాలేదు. ఆ టీకా మన ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే పద్ధతుల్లో లేదు. ఎవరైనా "పిల్లలు పుట్టకుండా టీకా" అని చెబితే నమ్మవద్దు. పసిపిల్లలకు, గర్భిణులకు మేము వేసే టీకాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

రొమ్ములో గడ్డ: "ఇ.ఆర్." అంటే ఇదే

రొమ్ము కేన్సరులలో సగానికి పైగా వాటిలో ఈస్ట్రోజన్ గ్రాహకాలు ఉంటాయి. ఈస్ట్రోజన్ అందితే ఆ గడ్డ పెరుగుతుంది. ఆ గ్రాహకాన్ని మూసివేసే టామాక్సిఫెన్ వంటి మాత్ర ఇస్తే పెరుగుదల ఆగుతుంది. గ్రాహకం లేని గడ్డకు ఈ మాత్ర వల్ల ప్రయోజనం లేదు. కనుక గడ్డలో గ్రాహకం ఉన్నదా, లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. జెన్సెన్‌తో కలిసి పని చేసిన జెఫ్రీ గ్రీన్, ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని పట్టే ప్రతిరక్షకాలను 1977లో, ఒకే రకానికి చెందిన శుద్ధమైన వాటిని 1980లో సిద్ధం చేశాడు. ఈనాడు గడ్డ ముక్కను పలచగా కోసి, అటువంటి ప్రతిరక్షకాన్ని పోసి, రంగు వేసి చూస్తారు. గ్రాహకం ఉన్న కేంద్రకాలు గోధుమ రంగులో కనబడతాయి. నూటికి ఒక్క కణంలో రంగు కనబడినా "ఉన్నది" అని లెక్క.

ఇక్కడ కూడా పొరపాటుకు చోటున్నది. కోసిన ముక్కను గంటలోపు ఫార్మలిన్ ద్రవంలో వేయాలి. కనీసం ఆరు గంటలు, మూడు రోజులకు మించకుండా అందులో ఉంచాలి. ముక్క ఆరిపోతే, మంచి నీళ్ళలో తెచ్చి ఇస్తే గ్రాహకం పాడైపోతుంది. ఉన్నదాన్ని లేదన్నట్టు రిపోర్టు వస్తుంది. అప్పుడు ఏళ్ళ తరబడి కాపాడవలసిన మాత్ర ఆ మనిషికి అందకుండా పోతుంది. గడ్డ తీయించుకునేటప్పుడు "ఫార్మలిన్‌లో వేశారా? ఇ.ఆర్., పి.ఆర్. చూస్తారా?" అని అడగండి. ఇంటి మగవారు ఈ మాట ముఖ్యంగా గుర్తుంచుకోండి, ముక్క పట్టుకుని ల్యాబుకు పరుగెత్తేది చాలా సార్లు మీరే. మైనంలో పెట్టిన దిమ్మను, రిపోర్టును జాగ్రత్త చేయించండి. మన ప్రాంతంవారికి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి ఉన్నది. గడ్డ చేతికి తగిలిన రోజునే ఆరోగ్య కేంద్రానికి రండి, సిగ్గుపడి దాచుకోవద్దు.

సాక్షిని కూడా పరీక్షించాలి

పెద్ద పెద్ద ప్రయోగశాలలు కూడా ఈ విషయంలో పొరపాటు పడ్డాయి. 1996లో స్వీడన్‌లో గుస్తాఫ్‌సన్ బృందం ఈస్ట్రోజన్‌కు రెండో గ్రాహకం ఉన్నదని కనుగొన్నది. దానికి బీటా గ్రాహకమని పేరు. దాన్ని పట్టే ప్రతిరక్షకాలు బజారులోకి వచ్చినవి. వాటితో రొమ్ములో ఉన్నదని, లేదని, అక్కడ ఉన్నదని, ఇక్కడ ఉన్నదని వేలకొద్దీ వ్యాసాలు వచ్చినవి. ఒకరి మాట ఒకరికి పొసగలేదు. చివరకు 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు 13 ప్రతిరక్షకాలను వరుసగా పెట్టి పరీక్షించారు. బీటా గ్రాహకం తప్పక ఉన్న కణాల మీద, అసలు లేని కణాల మీద వేసి చూశారు. నమ్మదగినది ఒక్కటే తేలింది. దానితో చూస్తే మామూలు రొమ్ములోను, రొమ్ము కేన్సరులోను బీటా గ్రాహకం కనబడలేదు. ఇరవై ఏళ్ళుగా ఎందరో పడిన శ్రమలో ఎంత భాగం తప్పుడు సాక్షి మాట మీద నిలబడిందో చూడండి.

వాళ్ళు చేసిన పని చాలా మామూలుది. తెలిసిన చోట "ఉన్నది" అంటున్నదా? లేదని తెలిసిన చోట "లేదు" అంటున్నదా? ఈ రెండు ప్రశ్నలే. మన పట్టీ మీద 'సి' గీత చేసేది కూడా ఇటువంటి పనిలో ఒక భాగమే. వారం ఆగి మళ్ళీ చూడమనడం కూడా అంతే.

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పట్టీ మీద గీత చాలా లేతగా వచ్చింది. ఏమనుకోవాలి?
జవాబు: ఐదు నిమిషాలలోపు లేతగా వచ్చినా గీత గీతే. రెండు రోజులు ఆగి మళ్ళీ చూడండి, ఆరోగ్య కేంద్రానికి రండి. గంటల తరువాత ఎండిపోయాక వచ్చిన గీతను లెక్క చేయవద్దు.

ప్రశ్న: పాలిస్తున్నంత కాలం గర్భం రాదంటారు గదా?
జవాబు: మూడు షరతులు కలిసి ఉంటేనే ఆ మాట వర్తిస్తుంది. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వకూడదు. ముట్టు మొదలు కాకూడదు. ఒక్కటి తప్పినా రక్షణ లేదు. మొదటి ముట్టు కనబడక ముందే అండం విడుదల కావచ్చు.

ప్రశ్న: మాత్రలు వాడితే ఒంట్లో సొంత హార్మోనులు శాశ్వతంగా చచ్చిపోతాయా?
జవాబు: లేదు. మారు తాళంచెవి తీసేస్తే అసలు తాళంచెవికి చోటు దొరుకుతుంది. మాత్ర మానేశాక అండం మళ్ళీ విడుదలవుతుంది.

ప్రశ్న: ఛాయా మాత్ర ఒక వారం మరచిపోయాను. ఏం చేయాలి?
జవాబు: గుర్తు వచ్చిన వెంటనే వేసుకుని, వచ్చే ముట్టు వరకు నిరోధ్ కూడా వాడండి. ఏడు రోజులు దాటిపోతే మొదటి నుంచి, అంటే వారానికి రెండు చొప్పున, మళ్ళీ మొదలుపెట్టాలి. గర్భం లేదని ముందు చూసుకోండి.

గుర్తుంచుకోండి

- 'సి' గీత లేని పరీక్ష చెల్లదు.
- ఒక గీత వచ్చి ముట్టు రాకపోతే వారం ఆగి మళ్ళీ చూడాలి.
- ముట్టు తేదీ తెలియని పాలిచ్చే తల్లి, భర్తతో కలిసిన మూడు వారాల తరువాత చూసుకోవాలి.
- రెండు గీతలతో పాటు కడుపునొప్పి, రక్తం కనబడితే వెంటనే ఆసుపత్రికి.
- గడ్డ ముక్క ఫార్మలిన్‌లోకి, రిపోర్టు జాగ్రత్తగా ఇంట్లోకి.

బిడ్డ ఎప్పుడు కావాలి, ఎంత ఎడం ఉండాలి అన్నది భార్యాభర్తలు కలిసి ఆలోచించుకోవలసిన విషయం. ఆ ఆలోచనకు సరైన సమాచారం ఇవ్వడం మా పని. ఆనాడు ఆ తల్లికి నేను చెప్పకుండా వదిలేసిన ఒక్క మాట, "వారం ఆగి మళ్ళీ రా అమ్మా", ఇప్పుడు పొట్లం ఇచ్చిన ప్రతిసారీ చెప్తున్నాను. ఈ కాగితం చదివిన మీరు మీ అప్పకు, చెల్లికి, కోడలికి, పొరుగింటి అమ్మాయికి అదే మాట చెప్పండి. ఏ సందేహం ఉన్నా మీ ఆశా కార్యకర్తనో, ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మనో మొహమాటం లేకుండా అడగండి.